లైనక్స్‌లో అప్‌డేట్ నిజంగా ఎప్పుడు పూర్తవుతుంది?

మా బావ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 అనే లైనక్స్ ఉంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ తెరుస్తాడు, సుడో ఆప్ట్ అప్‌డేట్ అని కొడతాడు, పాస్‌వర్డ్ ఇస్తాడు, నాలుగైదు వరుసలు చకచకా కదిలి ఆగిపోతాయి, ఆ రోజుకి ఆ పని అయిపోయిందని మూసేస్తాడు. ఏడాదికి పైగా ఇదే అలవాటు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ప్రింటర్ పనిచేయడం లేదు, కాస్త చూడమంటే ల్యాప్‌టాప్ తీసుకున్నాను. అప్‌డేట్ చివర్లో 412 ప్యాకేజీలను అప్‌గ్రేడ్ చేయవచ్చు అని ఒక వరుస ఉంది. "బావా, ఈ అంకె ఎప్పుడైనా చూశావా?" అన్నాను. "రోజూ కనిపిస్తుందిరా, పెరుగుతూ పోతోంది, బాగానే అప్‌డేట్ అవుతోందనుకున్నా" అన్నాడు.

ప్యాకేజీ అంటే ఒక సాఫ్ట్‌వేర్ మూట. ఇన్నాళ్లూ తను రోజూ చేసిన పనికి ఆ మెషిన్‌లో ఒక్క ప్యాకేజీ కూడా మారలేదు. మామూలుగా ఉబుంటు డెస్క్‌టాప్‌లో భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు వాటంతటవే దిగుతాయి, కానీ బావ ఇంటర్నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచి వస్తుంది, డేటా అయిపోతోందని ఆ సదుపాయాన్ని మొదట్లోనే ఆపేసుకున్నాడు. రోజూ చేత్తో చేస్తున్నాను కదా అనే ధైర్యం. తప్పు తనదని నేను అనను. ఆ కమాండ్ పేరే తప్పుదారి పట్టిస్తుంది.

ఉబుంటు, డెబియన్, మింట్ లాంటి వాటిలో ఆప్ట్ అప్‌డేట్ అంటే కిరాణా కొట్లో ఇవాళ ఏ సరుకు వచ్చిందో రాసి ఉన్న పట్టీ తెచ్చుకోవడం, అంతే. సరుకు ఇంటికి రావాలంటే ఆప్ట్ అప్‌గ్రేడ్ అనే రెండో కమాండ్ ఇవ్వాలి. ఇంతవరకూ చాలామందికి తెలుసు, తెలియనివాళ్లకు ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కానీ డబ్బాలో పోసిన కొత్త బియ్యం పొయ్యి మీద ఉడుకుతున్న అన్నంలోకి తనంతట తను వెళ్లదు. డిస్క్ మీద కొత్త ఫైలు ఉన్నా మెమరీలో పాతదే నడుస్తూ ఉండవచ్చు. పట్టీ, సరుకు, పొయ్యి మీద ఉన్నది: ఈ మూడూ వేర్వేరు అన్న సంగతి అర్థమైతే లైనక్స్ అప్‌డేట్ల గురించి ఉన్న తికమకలో సగం పోతుంది. మిగతా సగం వెర్షన్ నంబర్ల దగ్గర ఉంది, దాని గురించే ఎక్కువ చెప్పాలి.

దానికంటే ముందు, అప్‌డేట్లు ఎక్కువగా అవసరమయ్యే, అన్నిటికీ అడుగున ఉండే సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో చూద్దాం. బ్రౌజర్ పాతదైతే ఆ బ్రౌజర్‌కే ఇబ్బంది. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, ప్రోగ్రాములన్నీ పంచుకునే జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ, ఇంటర్నెట్‌లో వెళ్లే సమాచారానికి తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ, మెషిన్‌ని లేపే గ్రబ్, ప్రాసెసర్ లోపల నడిచే మైక్రోకోడ్ ఇలాంటివి పాతబడితే వాటి మీద ఆధారపడ్డ ప్రతిదానికీ ఇబ్బందే. జీలిబ్‌సీనే తీసుకోండి. మీరు దాదాపు ఏ ప్రోగ్రామ్ తెరిచినా దానికంటే ముందు ఆ లైబ్రరీతో వచ్చే లోడర్ లేచి, ఆ ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీలన్నీ తెచ్చి జతచేస్తుంది. 2023 అక్టోబర్‌లో క్వాలిస్ సంస్థ పరిశోధకులు ఆ లోడర్‌లోనే ఒక లోపం బయటపెట్టారు, లూనీ ట్యూనబుల్స్ అని పేరు పెట్టారు. ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను, అంటే ప్రోగ్రాములకు అందే ఒక సెట్టింగ్‌ను, వంకరగా రాసి ఇస్తే చాలు, మెషిన్‌లో మామూలు ఖాతా ఉన్నవాడు కూడా సర్వాధికారాలున్న రూట్ అయిపోతాడు. ఉబుంటు 22.04, డెబియన్ 12, ఫెడోరా 38 అన్నీ దీని బారిన పడ్డాయి. ఆ లోపం 2021లో వచ్చిన 2.34 వెర్షన్‌తో లోపలికి చేరింది, అంటే రెండేళ్లకు పైగా అక్కడే ఉంది.

అక్షరాలు గీసే లైబ్రరీ కూడా ఇలా అడుగున ఉండేదే, దానికి మన తెలుగే సాక్ష్యం. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తుతో కలిపి మెసేజ్‌లో పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, తెలుగు రాని దేశాల్లో కూడా. మెసేజ్ యాప్‌లో ఏ లోపమూ లేదు, అన్ని యాప్‌లకూ అక్షరాలు గీసిపెట్టే లైబ్రరీలో ఉంది. ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. లైనక్స్‌లో మన ఒత్తులూ గుణింతాలూ కుదిర్చే పని ఎక్కువగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది. మన పేరు తెర మీద సరిగ్గా కనబడటం వెనుక కూడా ఇలాంటి అప్‌డేట్లే ఉన్నాయి.

ఇక వెర్షన్ నంబర్ల దగ్గరికి వద్దాం.

2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ వరకు అన్నిటిలో లోపం ఉంది, ఒక చిన్న అడ్డదిడ్డపు రిక్వెస్ట్ పంపితే సర్వర్ తన మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా ముక్క తీసి ఇచ్చేస్తుంది, ఆ ముక్కలో పాస్‌వర్డ్లు ఉండవచ్చు, సర్వర్ రహస్య తాళమే ఉండవచ్చు. 1.0.1జిలో సరిచేశాం అని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు ప్రకటించారు. ఇప్పుడు డెబియన్ 7 నడుపుతున్నవాళ్ల సంగతి చూడండి. అప్‌గ్రేడ్ చేస్తారు, వెర్షన్ అడుగుతారు, 1.0.1ఇ అని వస్తుంది. జి కంటే ముందుది, లోపం ఉన్న జాబితాలో ఉన్నది! టెన్షన్ పడకుండా ఎలా ఉంటారు?

కానీ ఆ మెషిన్‌లో లోపం లేదు. డెబియన్ వాళ్లు జి వెర్షన్‌ను తీసుకురాలేదు. తమ దగ్గర ఉన్న ఇ వెర్షన్ కోడ్ తీసుకుని, అందులో ఆ ఒక్క రంధ్రం పూడ్చే మార్పును మాత్రం అతికించి, 1.0.1ఇ-2+డెబ్7యు5 అని పేరు పెట్టి విడుదల చేశారు. ఆ తోక చదవడం నేర్చుకోవాలి: డెబియన్ 7 కోసం చేసిన ఐదో సవరణ అని దాని అర్థం. మొదటి సగం ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల నంబర్, చివరి సగం మీ డిస్ట్రో, అంటే ఉబుంటు, డెబియన్ లాంటి లైనక్స్ కూర్పు, వాళ్ల నంబర్, భద్రత సంగతి తెలిసేది చివరి సగంలోనే. కొత్త వెర్షన్‌లో వచ్చిన సవరణను పాత వెర్షన్‌కు తెచ్చి కుట్టే ఈ పనినే బ్యాక్‌పోర్ట్ అంటారు. బట్టకు చిరుగు పడితే కొత్త చొక్కా కొనకుండా రఫూ చేయించుకున్నట్టు.

ఎందుకీ కష్టం, కొత్త వెర్షనే ఇచ్చేయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు, సరైన ప్రశ్నే. కొత్త వెర్షన్ ఒక్క రంధ్రం పూడ్చి ఊరుకోదు. ఏడాది పాటు పేరుకున్న మార్పులన్నీ వెంట తెస్తుంది, ఒక ఆప్షన్ పోతుంది, ఒక డిఫాల్ట్ మారుతుంది, పాత లైబ్రరీని నమ్ముకుని కట్టిన వందల ప్రోగ్రాములలో ఏదో ఒకటి రాత్రికి రాత్రి ఆగిపోతుంది. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ అయితే మనం సర్దుకుంటాం. ఒక ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లోనో, మీసేవ లాంటి చోట క్యూలో నలభై మంది నిలబడ్డప్పుడో అది జరిగితే? అందుకే డెబియన్ స్టేబుల్, ఎక్కువ కాలం మద్దతు ఉండే ఉబుంటు ఎల్‌టీఎస్, రెడ్‌హ్యాట్ ఇవన్నీ పాత నంబర్‌నే పట్టుకుని లోపల కుట్లు వేస్తూ పోతాయి. ఇదే తెలియక కొన్ని ఆఫీసుల్లో ఆడిట్ టూల్ వెర్షన్ నంబర్ మొదటి సగం మాత్రమే చూసి, ప్రమాదం అని ఎర్ర రిపోర్టు ఇస్తే, సిస్టమ్ చూసే అబ్బాయి రాత్రంతా కూర్చుని ఇంటర్నెట్‌లో ఎక్కడిదో సోర్స్ తెచ్చి కంపైల్ చేసి పెడతాడు. ఆ క్షణం నుంచి ఆ లైబ్రరీకి డిస్ట్రో నుంచి ఏ సవరణా రాదు. రిపోర్టు పచ్చగా మారుతుంది, మెషిన్ మాత్రం మునుపటికంటే అనాథ అవుతుంది. డెబియన్ వాళ్ల సెక్యూరిటీ ట్రాకర్‌లో ప్రతి లోపానికీ ఇచ్చే సీవీఈ నంబర్ కొడితే ఏ విడుదలలో ఏ ప్యాకేజీ వెర్షన్‌తో సరిచేశారో ఒక్క పేజీలో కనబడుతుంది, ఆడిట్ వాళ్లకు చూపించాల్సింది ఆ పేజీ.

ఈ కుట్లు వేసే పని ఎప్పుడూ నిర్దోషం అని మాత్రం చెప్పలేను. 2006లో ఇదే డెబియన్, ఇదే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో, ఒక టూల్ ఇచ్చిన హెచ్చరిక పోగొట్టడానికి చిన్న మార్పు చేసింది. దాంతో రాండమ్ సంఖ్యల తయారీలో మిగిలిన వైవిధ్యమల్లా ప్రాసెస్ ఐడీ ఒక్కటే, అంటే ఒక రకం తాళానికి ఒక సైజులో దాదాపు 32 వేల అవకాశాలు మాత్రమే. వాటన్నిటినీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. 2008 మేలో లూసియానో బెల్లో అనే డెబియన్ డెవలపర్ పట్టుకునే దాకా అలా తయారైన, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలన్నీ బలహీనమైనవే, సాఫ్ట్‌వేర్ సరిచేసినా ఆ తాళాలు మళ్లీ తయారుచేసుకోవలసి వచ్చింది. 2023 డిసెంబర్‌లో ఇంకోటి: డెబియన్ 12.3 విడుదల రోజునే, అందులో ఉన్న 6.1.64 కెర్నెల్ ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో డేటా పాడుచేసే అవకాశం ఉందని తేలింది. స్టేబుల్ కెర్నెల్‌లోకి ఒక మార్పును వెనక్కి తెచ్చేటప్పుడు దానికి తోడుగా రావలసిన మరో మార్పు రాలేదు. వాళ్లు విడుదల ఆపేసి మర్నాడే, డిసెంబర్ 10న, 12.4 ఇచ్చారు. ఒక్క రోజులో ఆపి, చెప్పి, సరిచేసినందుకు నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది, కానీ బ్యాకప్ లేకుండా అప్‌డేట్ చేయవద్దని ఎందుకంటారో కూడా ఆ రోజే బాగా అర్థమైంది.

కొత్త వెర్షన్ అంటే సురక్షితం అనే నమ్మకాన్ని పూర్తిగా కదిలించినది మాత్రం ఎక్స్‌జెడ్ వ్యవహారం. ఫైళ్లు కుదించే చిన్న టూల్ అది, దాని లైబ్రరీ పేరు లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ. లాసే కొలిన్ అనే ఒకాయన ఏళ్ల తరబడి జీతం లేకుండా చూసుకుంటున్నాడు, అలసిపోయి ఉన్నాడు. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఒకరు మంచి మంచి మార్పులు పంపుతూ, నమ్మకం సంపాదించి, క్రమంగా విడుదలలు చేసే అధికారం దాకా వచ్చారు. ఆ పేరు వెనుక ఎవరున్నారో ఇప్పటికీ బయటపడలేదు. 2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1 వచ్చాయి. దొంగ కోడ్ టెస్ట్ ఫైళ్లలా కనబడే బైనరీ ఫైళ్లలో దాగి ఉంది, దాన్ని బయటికి తీసే స్క్రిప్ట్ అందరూ కోడ్ చూసే గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్ ఫైలులో మాత్రమే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు ఈ లైబ్రరీతో నేరుగా సంబంధం లేదు, కానీ డెబియన్, ఫెడోరా వాళ్లు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను సిస్టమ్‌డీతో మాట్లాడేలా మార్చుకున్నారు, సిస్టమ్‌డీ లైబ్రరీ వెంట ఇది వస్తుంది. ఆ సందులోంచి ప్రపంచంలోని సర్వర్ల తలుపు దగ్గరికే చేరాలని ప్లాన్.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద కృషి చేసే ఇంజినీరు, భద్రత ఆయన వృత్తి కాదు. డెబియన్‌లో అన్నిటికంటే ముందు కొత్తవి వచ్చే సిడ్ అనే రకం నడుస్తున్న మెషిన్ మీద ఏదో వేగం కొలుస్తుంటే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోంది, సీపీయూ అనవసరంగా మండుతోంది. వదిలేయలేదు, తవ్వాడు. 2024 మార్చి 29న బయటపెట్టాడు. అర సెకను! ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది నాకు.

ఇక్కడ మన విషయానికి పనికొచ్చేది ఏమిటంటే, డెబియన్ 12 స్టేబుల్‌లో ఉన్నది 5.4.1, పాతది, దానికి ఏమీ కాలేదు. ప్రమాదంలో పడ్డవి డెబియన్ సిడ్, టెస్టింగ్, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లాంటివి, అంటే అందరికంటే ముందు కొత్తవి అందుకునేవి. వెంటనే వెనక్కి తగ్గాలి, కానీ ఆప్ట్‌కు ఒక స్వభావం ఉంది, తనంతట తను చిన్న నంబర్‌కు దిగదు. అందుకని డెబియన్ వాళ్లు పాత 5.4.5 కోడ్‌నే తీసుకుని 5.6.1+రియల్లీ5.4.5 అని పేరు పెట్టారు. నంబర్ చూస్తే ముందుకు, లోపల ఉన్నది వెనక్కి. వెర్షన్ నంబర్ మొదటి సగం చూసి నిర్ణయాలు తీసుకోవద్దని నేను పదే పదే అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఉబుంటు 24.04 బీటాను కూడా ఒక వారం వెనక్కి జరిపి, అనుమానం ఉన్న కాలంలో తయారైన ప్యాకేజీలన్నీ మళ్లీ కట్టారు.

అలాగని పాతదే పట్టుకుని కూర్చోమని అర్థం కాదు. చిరుగులు కుట్టే మనిషి ఉన్న పాతది వేరు, అడిగే దిక్కులేని పాతది వేరు. ఉబుంటు 20.04కు మామూలు మద్దతు 2025 మేతో అయిపోయింది. 22.04కు 2027 దాకా ఉంది. డెబియన్ 12కు 2026 జూన్ దాకా డెబియన్ భద్రతా బృందం, ఆ తర్వాత 2028 జూన్ దాకా ఎల్‌టీఎస్ బృందం చూస్తారు. ఇక్కడ ఉబుంటులో ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది గమనించరు: ఆ ఐదేళ్ల మాట మెయిన్ అనే విభాగంలో ఉన్న ప్యాకేజీలకే. వీఎల్‌సీ లాంటివి యూనివర్స్ అనే విభాగంలో ఉంటాయి, వాటికి హామీగా భద్రతా సవరణలు కావాలంటే ఉబుంటు ప్రో తీసుకోవాలి. సొంత వాడకానికి ఐదు మెషిన్ల దాకా ఉచితమే, ఖాతా తెరిచి ఒక టోకెన్ ఎక్కించాలి. అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా ఈఎస్‌ఎమ్ అని కనబడే మెసేజ్ దాని గురించే, ప్రకటన అనుకుని దాటేయకండి.

సరుకు ఇంటికొచ్చింది, ఇక పొయ్యి దగ్గరికి. లైనక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైలును తెరిచి పట్టుకుని ఉండగానే ఆ ఫైలును తీసేసి అదే పేరుతో కొత్తది పెట్టవచ్చు. కొత్తగా మొదలయ్యే ప్రోగ్రాములకు కొత్త ఫైలు దొరుకుతుంది, పాత ప్రోగ్రామ్ మాత్రం, పేరు తీసేసిన పాత ఫైలునే మెమరీలో పట్టుకుని హాయిగా నడుస్తుంది. విండోస్‌లోలా ప్రతిదానికీ ఆగి రీస్టార్ట్ అడగకపోవడానికి ఇదే కారణం, మనం మోసపోవడానికీ ఇదే కారణం. హార్ట్‌బ్లీడ్ అప్పుడు చాలామంది అప్‌గ్రేడ్ చేసి వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయలేదు, డిస్క్ మీద సరిచేసిన లైబ్రరీ, మెమరీలో రంధ్రం ఉన్న లైబ్రరీ. డెబియన్ వాళ్లు వెంటనే యు6 అని ఇంకో ప్యాకేజీ ఇచ్చింది, ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయాలో వెతికి చెప్పడానికే. ఇప్పుడు ఆ పనికి నీడ్‌రీస్టార్ట్ అనే టూల్ ఉంది, సర్వర్లలో తప్పక పెట్టుకోండి.

కెర్నెల్ అయితే రీబూట్ తప్పదు. మా బావ ల్యాప్‌టాప్ ఎప్పుడూ షట్‌డౌన్ చేయడు, మూత మూస్తాడు, తెరుస్తాడు. అప్‌టైమ్ అని కొడితే 143 రోజులు అని వచ్చింది. అప్‌గ్రేడ్ చేసినా సరే రీబూట్ చేయకపోతే ఆ 143 రోజుల కిందటి కెర్నెలే. సర్వర్లు చూసుకునేవాళ్లలో అప్‌టైమ్ పెద్దగా ఉంటే గొప్పగా చెప్పుకునే అలవాటు ఇంకా ఉంది, రెండేళ్లు ఆగకుండా నడిచిందంటే రెండేళ్ల కెర్నెల్ సవరణలు దానికి అందలేదని నాకు వినిపిస్తుంది. ఉబుంటు తయారుచేసే కెనానికల్ వాళ్ల లైవ్‌ప్యాచ్ లాంటివి నడుస్తున్న కెర్నెల్‌కే కుట్లు వేస్తాయి, కానీ తీవ్రమైన లోపాలకు మాత్రమే, జీలిబ్‌సీని అవి ముట్టుకోవు. ఆర్చ్ అనే డిస్ట్రో వాడేవాళ్లకు ఇది ఇంకో రూపంలో కనబడుతుంది: కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక నడుస్తున్న కెర్నెల్ తాలూకు డ్రైవర్ మాడ్యూళ్ల ఫోల్డర్ డిస్క్ మీద ఉండదు, అప్పుడు పెన్‌డ్రైవ్ పెడితే గుర్తించకపోవచ్చు. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని పారేయకండి, రీబూట్ చేయండి.

ఏ కెర్నెల్ నడుస్తోందో చూడటానికి యూనేమ్ హైఫన్ ఆర్ అంటారు. డెబియన్ 12లో అది, ఉదాహరణకు, 6.1.0-18 అని చూపిస్తుంది, 6.1.0 అంటే మొట్టమొదటి 6.1 కదా అని మళ్లీ భయం. అది డ్రైవర్ మాడ్యూళ్లతో పొత్తు కుదరడానికి పెట్టుకున్న పేరు మాత్రమే. యూనేమ్ హైఫన్ వి అని అడగండి, అప్పుడు అసలు సంగతి చెబుతుంది: 6.1.76-1, 2024 ఫిబ్రవరి 1 అని తేదీతో సహా.

కొత్త కెర్నెల్ పాతదాన్ని చెరిపేసి రాదు, దాని పక్కన వచ్చి కూర్చుంటుంది. ఇది చాలా మంచి ఏర్పాటు. కొత్తదానితో వైఫై పోయినా, ఎన్విడియా డ్రైవర్ కొత్త కెర్నెల్‌కు కట్టుకోలేక తెర నల్లగా ఉండిపోయినా, గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాతదానితో లేపుకోవచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్న మెషిన్లలో బూట్ కోసం వేరే చిన్న పార్టిషన్ ఉంటుంది, ఒక్కో కెర్నెల్, దాన్ని లేపడానికి కావలసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు కలిపి వంద ఎంబీ దాటడం మామూలే. నా పాత మెషిన్‌లో ఒకసారి సరిగ్గా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ రాస్తున్నప్పుడు బూట్ నిండిపోయింది. కెర్నెల్ ఉంది, దాన్ని లేపే సరంజామా సగమే ఉంది. అది గమనించకుండా రీబూట్ చేస్తే కొత్త కెర్నెల్ లేవదు. అలాంటప్పుడు కంగారుపడి బూట్ ఫోల్డర్‌లో ఫైళ్లు చేత్తో డిలీట్ చేయకండి, ఆప్ట్ లెక్కల్లో అవి ఉన్నట్టే ఉండి చిక్కు ఇంకా ముదురుతుంది. సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ అంటే అక్కరలేని పాత కెర్నెళ్లు పోతాయి, తర్వాత సుడో డీపీకేజీ, రెండు హైఫన్లు, కన్ఫిగర్ హైఫన్ ఎ అని కొడితే మధ్యలో ఆగిన పని పూర్తవుతుంది. కరెంటు పోయి అప్‌గ్రేడ్ మధ్యలో తెగినప్పుడు కూడా ఈ రెండో కమాండే. బ్యాటరీ పోయిన పాత ల్యాప్‌టాప్‌లో, యూపీఎస్ లేకుండా, కరెంటు కోతల వేళ కెర్నెల్ అప్‌డేట్ మొదలుపెట్టకపోవడం ఇంకా మేలు.

అప్‌గ్రేడ్ చేసినా కొన్ని ప్యాకేజీలు వెనక ఉంచాం అని మెసేజ్ వస్తుంది, దానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, ఆ ప్యాకేజీ కొత్తది రావాలంటే ఇంకోదాన్ని తీసేయాలి, ఆప్ట్ అప్‌గ్రేడ్ దేన్నీ తీసేయదు, ఫుల్ హైఫన్ అప్‌గ్రేడ్ తీసేస్తుంది, ఏం తీసేస్తోందో చదివాకే వై కొట్టండి. రెండోది ఉబుంటులో ఫేజింగ్: మామూలు అప్‌డేట్లను ముందు కొద్దిమంది మెషిన్లకు ఇచ్చి, గొడవ లేదని చూశాక మిగతావాళ్లకు పెంచుతూ పోతారు. భద్రతా అప్‌డేట్లకు ఈ వాయిదా ఉండదు. మీ వంతు రానప్పుడు బలవంతంగా లాక్కోవడం ఎందుకు, రెండు మూడు రోజుల్లో అదే వస్తుంది.

బయటి రిపాజిటరీల, అంటే డిస్ట్రోవి కాని ప్యాకేజీల గోదాముల, గురించి ఒక్క మాట. ఆప్ట్ తెచ్చే పట్టీ మీద డిస్ట్రో వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది, ఆ పట్టీలోని హ్యాష్‌లతోనే, అంటే వేలిముద్రల్లాంటి అంకెలతోనే, ప్రతి ప్యాకేజీనీ సరిచూస్తుంది, అందుకే ఏ కాలేజీ వాళ్లు నకలు పెట్టిన మిర్రర్ నుంచి తెచ్చుకున్నా నమ్మవచ్చు. మీరు ఎవరో సొంతంగా నడిపే పీపీఏ అనే రిపాజిటరీని జోడించారంటే ఆ మనిషి సంతకాన్ని కూడా అదే స్థాయిలో నమ్ముతున్నారు, రేపు అతను జీలిబ్‌సీ పేరుతోనే పెద్ద నంబర్ ఉన్న ప్యాకేజీ పెడితే ఆప్ట్ మారు మాట లేకుండా దాన్నే ఎక్కిస్తుంది. మూడేళ్ల కిందట ఒక్క యాప్ కోసం జోడించి మర్చిపోయినవి ఉంటే తీసేయండి.

ఇంకా కిందికి వెళితే ప్రాసెసర్ ఉంది. 2023 జులైలో టావిస్ ఓర్మండీ అనే భద్రతా పరిశోధకుడు ఏఎమ్‌డీ జెన్ 2 చిప్‌లలో జెన్‌బ్లీడ్ అనే లోపం బయటపెట్టాడు, దానికి మందు మైక్రోకోడ్. డెబియన్‌లో ఇంటెల్‌కు ఒకటి, ఏఎమ్‌డీకి ఒకటి మైక్రోకోడ్ ప్యాకేజీ ఉంటాయి, డెబియన్ 12 నుంచి అవి నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగంలోకి మారాయి. డెబియన్ 11 నుంచి ఎక్కినవాళ్లు రిపాజిటరీల జాబితా ఉండే సోర్సెస్ ఫైలులో ఆ విభాగం పేరు చేర్చకపోతే మైక్రోకోడ్ అప్‌డేట్లు చప్పుడు చేయకుండా ఆగిపోతాయి. బయోస్ లాంటి ఫర్మ్‌వేర్‌కు ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే టూల్ ఉంది, ఫర్మ్‌వేర్‌ను దాని సేవలో పెట్టిన కంపెనీల మెషిన్లకు లైనక్స్ నుంచే ఎక్కించవచ్చు, ఇదివరకటిలా దానికోసం విండోస్ వెతుక్కోనవసరం లేదు.

ఆ రోజు బావ ల్యాప్‌టాప్‌లో ముందు ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాం. ఊళ్లో అత్తయ్య వాళ్ల పక్కింట్లో వైఫై ఉంటే అడిగి కలిపాం, 412 ప్యాకేజీలు దిగడానికి దాదాపు గంట పట్టింది. భద్రతా అప్‌డేట్లు మాత్రం వాటంతటవే దిగేలా పెట్టాను, మిగతావి నెలకోసారి వైఫై ఉన్నచోట చేస్తానన్నాడు. రీబూట్ చేయమంటే మాత్రం ఒక నిమిషం ఆగాడు, తెరిచి ఉన్న పదిహేను ట్యాబ్‌లు ఒక్కొక్కటీ చూసి మూశాడు. మళ్లీ లేచాక తనే టెర్మినల్ తెరిచి అప్‌టైమ్ అని కొట్టాడు. రెండు నిమిషాలు అని వచ్చింది. ప్రింటర్ కూడా దొరికింది.